నాయనకు కడుపుల ఏం ఇముడుతలేదు, తేలిగ్గా అరిగే కోడిగుడ్డు సూపు ఎట్ల చేయాలె?

నల్లగొండ_బిడ్డ · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మా నాయనకు 68 ఏండ్లు, టైఫాయిడ్ వచ్చి పదకొండు రోజులు దవాఖానల ఉండి మొన్న శుక్రవారం ఇంటికొచ్చిండు. జరం పోయింది గాని కడుపు మాత్రం ఇంకా దారికి రాలే. రెండు ముద్దలు తినంగనే సాలు బిడ్డా అంటున్నడు, కడుపు ఉబ్బుతది, పొద్దుగూకేదాంక తేన్పులు. ఏడు కిలోలు తగ్గిండు, పొలం కాడ బస్తా ఎత్తిన మనిషి ఇప్పుడు గోడ పట్టుకొని నడుస్తుంటే చూడలేకపోతున్న.

డాక్టరు మెత్తటి తిండి పెట్టుమన్నడు, ప్రొటీన్ తగ్గనియ్యొద్దన్నడు. గుడ్డు పెట్టొచ్చా సార్ అంటే పెట్టొచ్చు, బాగ ఉడికించి పెట్టుమన్నడు. ఉడకబెట్టిన గుడ్డు ఇస్తే సగం తిని గుండెల మీద రాయి పెట్టినట్టుంది అన్నడు. ఆమ్లెట్ అంటే నూనె. పాలు తాపితే మోషన్స్ అయితున్నయి. అందుకని ఇయ్యాల వీడియో చూసి ఎగ్ సూప్ చేసిన, గుడ్డు గిలకొట్టి తెర్లుతున్న నీళ్లల ఒక్కసారే పోసిన, అది ముద్దలు ముద్దలు అయ్యి నీళ్లు వేరు గుడ్డు వేరు, నమిలితే రబ్బరు లెక్క. ఎల్లిగడ్డ, మిరియాలు కూడా వేసిన వాళ్లు చెప్పినట్టే. రెండు చెంచాలు తాగి గిన్నె పక్కకు పెట్టిండు. నాకు వంటింట్లకు పోయి ఏడుపొచ్చింది.

ఎవరికన్నా సరిగ్గ చేసే పద్ధతి తెలిస్తే కొలతలతో సహా చెప్పుండ్రి. కారం మసాలా ఏం వద్దు, ఒక్క గుడ్డు ఆయన కడుపుల పడితే సాలు నాకు.

మిర్యాలగూడ_అత్తమ్మ · సోమవారం రాత్రి 9:41

బిడ్డా ఏడ్వకు. నువ్వు ఉత్త నీళ్లల పోసినవు గుడ్డు, అందుకే ముద్ద కట్టింది. గంజిల పొయ్యాలె. ఇప్పుడందరికీ కుక్కర్లు వచ్చినయి, గంజి వంచుడే మర్చిపోయిన్రు, మా ఇంట్ల అయితే జరమొచ్చి లేసినోళ్లకు ఇదే తాపుతం, నా పెద్ద కొడుక్కు కామెర్లు అయినప్పుడు గూడ చివరి వారంల ఇదే తాపిన.

చెప్త విను. పిడికెడు బియ్యం, పాతయి అయితే మంచిది, నాలుగు గ్లాసుల నీళ్లు పోసి మూత సగం తెరిచి సన్నటి సెగ మీద అన్నం మెదిపితే కరిగిపోయేటట్టు ఉడకబెట్టు. గంటెతోటి మెదుపుకుంట జాలిల వడకట్టు. మజ్జిగ అంత పల్చగ ఉండాలె గాని నీళ్ల లెక్క ఉండొద్దు, వేలు ముంచితే సన్నగ పట్టాలె. ఆ గంజి గ్లాసున్నర తీస్కొని చిన్న గిన్నెల పోసి ఉప్పు, చిటికెడు పసుపు, వేయించి దంచిన జీలకర్ర చిటికెడు, గోరంత అల్లం ముక్క చితక్కొట్టి వెయ్యి. అల్లం తర్వాత తీసెయ్యాలె, నోట్ల పడొద్దు. చిన్న బుడగలు వచ్చేటప్పుడు సెగ తగ్గించి, గిలకొట్టిన గుడ్డు సన్నటి దారం లెక్క, చెయ్యి తిప్పుకుంట పొయ్యి. పోసినంక పది లెక్కపెట్టు, అప్పటిదాంక గంటె పెట్టకు. తర్వాత మెల్లగ రెండు సుట్లు తిప్పి ఇంకో నిమిషం ఉడకనిచ్చి మూత పెట్టి దించు.

ఎల్లిగడ్డ, మిరియాలు ఇప్పుడే వద్దు. నెయ్యి గూడ వారం తర్వాత.

పాలమూరు_జొన్నచేను · సోమవారం రాత్రి 10:03

అక్కా ఏమనుకోకు గని జరమొచ్చి లేసినోళ్లకు గుడ్డు ఏంది, గుడ్డు వేడి. మా కోయిలకొండ దిక్కు పత్తెం అంటే గుడ్డు, మాంసం బందే. జొన్న గటక పల్చగ చేసి సల్ల పోసి తాపుండ్రి, మా తాత తొంభై ఏండ్లు అదే తాగి బతికిండు, సూపులు గీపులు ఎందుకు.

వార్డు_సిస్టర్ · సోమవారం రాత్రి 11:26

ఇప్పుడే డ్యూటీ దిగిన, మెల్లగ టైపు చేస్తున్న. పాలమూరు తమ్ముడు చెప్పిన గటక మంచి తిండే, నేనూ గద్వాల దిక్కుదాన్నే, గటక తినే పెరిగిన. కాని టైఫాయిడ్ అయినంక మొదటి రెండు మూడు వారాలు వద్దు తమ్మీ. టైఫాయిడ్ల చిన్నపేగు లోపల పుండ్లు పడ్తయి, జరం తగ్గినంక గూడ అవి మానడానికి టైం పడ్తది. జొన్నల పీచు ఎక్కువ, అదే పీచు మామూలు రోజులల్ల మంచిది, ఇప్పుడు మాత్రం కడుపు ఉబ్బుతది. నెల తర్వాత పల్చగ షురూ చేస్కోవచ్చు.

గుడ్డు వేడి అని మా పేషంట్ల ఇండ్లల్ల గూడ అంటరు, గొడవ పడను. కాని డాక్టరు పెట్టుమన్నప్పుడు ఆపొద్దు. పదకొండు రోజులు జరంల ఉన్న ఒళ్లు తన కండనే కరిగించుకుంటది, ఏడు కిలోలు పోయింది అందుకే. ఒక మామూలు గుడ్డుల 6 గ్రాముల దాక ప్రొటీన్ ఉంటది, 70 కేలరీలు. అంత చిన్న దాంట్ల అంత బలం ఇచ్చేది, ముసలాయన తినగలిగేది, ఇంకోటి చూపెట్టడం కష్టం.

ఉడకబెట్టిన గుడ్డు ఎందుకు బరువనిపిస్తదో చెప్త. మన కడుపు గట్టి తిండిని నలిపి నలిపి ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలు చేసినాకనే కిందికి పేగులకు వదుల్తది. పండ్లు సరిగ్గ లేని మనిషి గుడ్డు సగం నమిలి మింగితే ఆ పని మొత్తం కడుపు మీదనే పడ్తది. సూపుల గుడ్డు సన్నటి పోగులు కాబట్టి ఆ పని ముందే అయిపోతది. అత్తమ్మ చెప్పింది అట్లనే చెయ్యి చెల్లె.

పాల సంగతి. పేగు దెబ్బతిన్నంక కొన్ని రోజులు పాలల్ల ఉండే లాక్టోజ్ అరగదు, అందుకే మోషన్స్. గుడ్డుల లాక్టోజ్ ఉండదు. పాలు పది పదిహేను రోజులు ఆపి చూడు.

ఇంకొకటి, ఇది భయపెట్టడానికి కాదు. ఉన్నట్టుండి కడుపుల విపరీతమైన నొప్పి వచ్చినా, మోషన్ నల్లగ తారు లెక్క పోయినా, జరం మళ్ళ వచ్చినా సూపు, గంజి అని ఇంట్ల ఆగొద్దు, 108 పిలిచి దవాఖానకు తీస్కపోవాలె. టైఫాయిడ్ రెండు మూడు వారాల తర్వాత తిరగబెట్టే ఛాన్స్ ఉన్నది. గోలీల కోర్సు ఎన్ని రోజులు రాసిన్రో అన్ని రోజులు ఏసుకోవాలె, బాగైంది కదా అని మధ్యల ఆపొద్దు.

నల్లగొండ_బిడ్డ · సోమవారం రాత్రి 11:40

అత్తమ్మా, సిస్టరక్కా మీకు ఎట్ల చెప్పాలె. గోలీలు ఇంకా నాలుగు రోజులవి ఉన్నయి, ఏపిస్త. రేపు గంజిల చేసి చూస్త. మా ఇంట్ల సోనామసూరి ఉన్నది, అది నడుస్తదా?

మిర్యాలగూడ_అత్తమ్మ · మంగళవారం పొద్దున 5:50

నడుస్తది బిడ్డా. నూకలు ఉంటే ఇంకా తొందరగ అయితది, మా మిల్లుల కాడ నూకలు దొరుకుతయి, అవే వాడ్త నేను. బాస్మతి అయితే గంజి చిక్కగ రాదు.

జడ్చర్ల_ఫాస్ట్‌ఫుడ్_మాస్టర్ · మంగళవారం పొద్దున 10:15

అక్కా నేను పన్నెండేండ్లు హైదరాబాద్‌ల చైనీస్ కిచెన్ల చేసిన, ఇప్పుడు జడ్చర్ల హైవే కాడ సొంత బండి. మీరడిగిన సూపు చైనావాళ్లది, వాళ్ల భాషల దాని పేరుకు అర్థం గుడ్డు పువ్వు సూపు. నీళ్లల గుడ్డు పూరేకుల లెక్క విచ్చుకోవాలె అని ఆ పేరు. అత్తమ్మ చెప్పిన గంజి పనే మేం కార్న్‌ఫ్లోర్‌తో చేస్తం, రెండింటి గుట్టు ఒక్కటే. పిండి పదార్థం నీళ్లను జర చిక్కగ చేస్తది, గుడ్డు పోగులు ఒకదానికొకటి అతుక్కోకుండ మధ్యల నిలబడ్తది, గుడ్డు బిగుసుకోకుండ ఆపుతది. ఉత్త నీళ్లల ఆ అడ్డు లేదు కాబట్టి గుడ్డంత ఒకదాన్ని ఒకటి పట్టుకొని ముద్ద అయితది, లోపలి తడంత బయటికి పిండేస్తది, మీరు రబ్బరు అన్నది అదే.

గంజి లేని రోజు గ్లాసు నీళ్లకు ఒక చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్, అది చల్లటి నీళ్లల్ల కలిపి పోయాలె, వేడి నీళ్లల్ల డైరెక్ట్ వేస్తే ఉండలు. పోసినంక ఒక నిమిషం తెర్లనిచ్చి పచ్చి వాసన పోయినాకనే గుడ్డు. ముందు గుడ్డు తర్వాత పిండి వేస్తే పని జరగదు, వీడియోలల్ల చాలామంది ఇది తప్పు చూపిస్తరు.

గుడ్డు గిలకొట్టుడు గూడ ఒక పద్ధతి. నురుగు వచ్చేటట్టు కొట్టొద్దు, ఆ నురుగే పైన తేలి మురికి లెక్క కనిపిస్తది, రోగంతోటి ఉన్న మనిషికి అది చూస్తేనే తినబుద్ధి కాదు. ఫోర్కుతో తెల్లసొన తీగలు తెగేదాంక మాత్రమే కలపాలె, అండ్ల ఒక చెంచా నీళ్లు పొయ్యండి, పోగు మెత్తగ వస్తది. ఫోర్కు పండ్ల మధ్యల నుంచి గిన్నె మీద జానెడు ఎత్తు నుంచి పోస్తే దారం సన్నగ పడ్తది. సూపును ముందు ఒకే దిక్కు మెల్లగ తిప్పుతుండాలె. అంతే. హోటళ్ల మేం అజినోమోటో, సోయా, వెనిగర్ వేస్తం, మీరు అవేవీ ముట్టుకోవద్దు, సోయాల ఉప్పు మస్తుంటది.

ఐబీఎస్_తో_పదేండ్లు · మంగళవారం మధ్యాహ్నం 1:30

నేను మాట్లాడొచ్చా. నాది వేరే సమస్య, ఇరిటబుల్ బవెల్ (ఐబీఎస్), అంటే తిండి పడక పేగులు ఊకె గడబిడ అయ్యే జబ్బు, పదేండ్ల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాద్ బస్సు ఎక్కాలంటే ముందు రోజు రాత్రి నుంచే తిండి మానేసేదాన్ని, ఎన్ని పెండ్లిళ్లు మానుకున్ననో లెక్క లేదు. మూడేండ్ల కింద ఒక డైటీషియన్ మేడం ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఆరు వారాలు ఆపి చూడుమన్నది, ఉల్లిగడ్డ లేకుంటే కూర ఎట్ల అయితది మేడం అని ఏడ్చినంత పని చేసిన, కాని ఆపినంక నాలుగో రోజుకే ఉబ్బరం సగం తగ్గింది.

ఎందుకంటే ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డల ఫ్రక్టాన్ అనే పిండి పదార్థం ఉంటది, అది మన చిన్నపేగుల అరగదు, పెద్దపేగుల బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ చేస్తది. ఆరోగ్యం ఉన్నోళ్లకు ఏం కాదు, మాలాంటోళ్లకు, పేగు ఇంకా మానని వాళ్లకు నరకం. నేను మొదట్ల చేసిన తప్పు ఏందంటే సూపుల ఉల్లిగడ్డ వేసి ఉడికించి ముక్కలు తీసేస్తుంటి, ముక్కలు తినలేదు కదా అని. కాని ఫ్రక్టాన్ నీళ్లల కరుగుతది, ముక్క తీసేసినా సూపుల ఉండిపోతది. నూనెల మాత్రం కరగదు. అందుకే ఎల్లిగడ్డ వాసన కావాలంటే నూనెల గాని నెయ్యిల గాని రెబ్బ వేయించి, రెబ్బ మొత్తం తీసిపారేసి, ఆ నూనె నాలుగు చుక్కలు వేస్త. ఉల్లికాడలు దొరికితే పచ్చటి భాగం మాత్రం సన్నగ తరిగి వేస్త, తెల్ల భాగం వద్దు. బజార్ల డబ్బ ఇంగువల చానా వాటిల్ల మైదా కలిసి ఉంటది, లేబుల్ చూస్కోవాలె.

నల్లగొండ_బిడ్డ చెల్లె, మొన్న వేసిన ఎల్లిగడ్డ కూడా మీ నాయన కడుపు ఉబ్బడానికి ఒక కారణం కావొచ్చు. పొద్దున లేవంగనే నా తిండి ఇప్పటికీ ఇదే సూపు, రెండేండ్లైంది, విసుగు రాలేదు.

వనపర్తి_హాస్టల్ · మంగళవారం సాయంత్రం 4:02

హాస్టల్ల స్టవ్ లేదు, కెటిల్ ఒక్కటే ఉన్నది. కెటిల్ నీళ్లు కప్పుల పోసి గుడ్డు కలుపుకొని తాగొచ్చా? నాకు గ్యాస్ట్రిక్. జిమ్ల సీనియర్ అయితే పచ్చి గుడ్డే పాలల్ల కలుపుకొని తాగుమంటున్నడు.

వార్డు_సిస్టర్ · మంగళవారం సాయంత్రం 6:45

పచ్చి గుడ్డు వద్దు తమ్మీ, ఎవ్వరు చెప్పినా వద్దు. గుడ్డుల సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండే ఛాన్స్ ఉన్నది, టైఫాయిడ్ తెచ్చేది గూడ అదే జాతి బ్యాక్టీరియానే, రకం వేరు. 71 డిగ్రీల దాక వేడి తగిలితే వెంటనే చస్తది. కప్పుల పోసిన నీళ్లు గుడ్డు పడంగనే చల్లారిపోతయి, లోపల సగం పచ్చిగ ఉంటది. ఇంకా, బలం కోసమే అయితే పచ్చి గుడ్డుల ప్రొటీన్ సగమే ఒంటికి పడ్తది, ఉడికిన గుడ్డుల 90 శాతం దాక పడ్తది. మీ సీనియర్‌కు గూడ చెప్పు. హాస్టల్ మెస్‌ల అడిగి అన్నం గంజిల చేపిచ్చుకో, లేకుంటే ఉడికిన గుడ్డు సన్నగ మెదిపి వేడి గంజిల కలుపుకో, రుచి వేరుంటది కాని కడుపుకు అదే.

నల్లగొండ_బిడ్డ · మంగళవారం రాత్రి 8:55

చేసిన. పోగులు వచ్చినయి! పూర్తిగ కాలేదు, కొన్ని పెద్దగ పడ్డయి, చెయ్యి వణికింది. కాని నీళ్లు వేరు గుడ్డు వేరు కాలే. నాయన సగం గ్లాసు తాగిండు. మంచిగుంది అన్నడు, తర్వాత నీసు వాసన వస్తుంది బిడ్డా అన్నడు. రేపు ఆ వాసన పోవాలంటే ఏం చేయాలె? మిరియాలు వెయ్యొద్దంటున్నరు, నిమ్మకాయ పిండొచ్చా?

జడ్చర్ల_ఫాస్ట్‌ఫుడ్_మాస్టర్ · మంగళవారం రాత్రి 9:20

గుడ్లు ఎన్ని రోజులవి అక్కా? గ్లాసు నీళ్లల వేసి చూడండి. అడుగున పడుకుంటే తాజాది, నిలబడితే పాతది, తేలితే పారెయ్యాలె. గుడ్డు పాతబడుతుంటే పెంకు రంధ్రాల నుంచి లోపలి తడి పోయి గాలి నిండుతది, అందుకే తేల్తది. పాత గుడ్డు, ఎక్కువసేపు ఉడికిన గుడ్డు రెండూ గంధకం వాసన కొడతయి, ఉడకబెట్టిన గుడ్డుల పచ్చసొన చుట్టు బూడిద రంగు వస్తది చూడండి, అది గూడ అదే వాసన గ్యాస్ పచ్చసొనల ఇనుముతోటి కలిసి వచ్చేది. గుడ్డు పోసినంక నిమిషం సాలు, ఐదు నిమిషాలు తెర్లనియ్యొద్దు. చేసినంక వెంటనే తాపాలె, మళ్ళ వేడి చేస్తే వాసన డబుల్.

ఐబీఎస్_తో_పదేండ్లు · మంగళవారం రాత్రి 9:31

నిమ్మకాయ ఇప్పుడే వద్దు, పుల్లటిది కడుపుల మంట లేపుతది, చింతపండు, టమాట కూడా. అల్లం జర ఎక్కువ చితక్కొట్టి గంజిల ముందే ఐదు నిమిషాలు మరగనిచ్చి తీసెయ్యి. కొత్తిమీర కాడలు, ఆకు కాదు కాడలు, నాలుగు కట్ట కట్టి వేసి గుడ్డు పోసే ముందు తీసెయ్యి. నీసు మొత్తం పోతది. వడ్డించే గిన్నె గూడ వేడి నీళ్లతోటి కడిగి పెట్టు, గోరువెచ్చగైతేనే ఆ వాసన తెలుస్తది.

మర్రిగూడ_మాస్టర్ · బుధవారం పొద్దున 7:10

ఇన్ని మంచి విషయాలు చెప్పిన్రు, నీళ్ల గురించి ఎవ్వరు అడగలే. అమ్మా, మీరు గంజికి వాడేది బోరు నీళ్లా, మిషన్ భగీరథ నల్లాల వచ్చే కృష్ణ నీళ్లా? నేను మర్రిగూడ దిక్కు ముప్పై ఏండ్లు బడిల పంతులుగ చేసిన. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంకరపోయిన కాళ్లతోటి, పసుపుపచ్చ మచ్చల పండ్లతోటి బడికొచ్చే పిల్లలను చూసిన కండ్లు ఇవి. నీళ్లల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంత నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టుకున్నది, పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి అది, మన బాధ తోటి వచ్చిన పేరు.

ఎందుకు చెప్తున్ననంటే చానామంది నీళ్లు మరిగిస్తే అన్నీ పోతయి అనుకుంటరు. మరిగిస్తే క్రిములు సస్తయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గిన కొద్ది మిగిలిన దాంట్ల అది ఇంకా చిక్కబడ్తది. గంజి అంటే నాలుగు గ్లాసుల నీళ్లు మరిగి మరిగి రెండు అయ్యేది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటరు. ఫ్లోరైడ్ ఎక్కువైతే కడుపుల వికారం, నొప్పి గూడ వస్తయి. రోజూ తాగే దానికి, అందులో రోగం నుంచి లేస్తున్న మనిషికి కృష్ణ నీళ్లే వాడండి.

నల్లగొండ_బిడ్డ · బుధవారం పొద్దున 7:48

మాస్టరుగారూ, నమస్తే. తాగడానికి నల్లా నీళ్లే గాని వంటకు బోరువే వాడుతుంటిమి, తొట్టిల ఉంటయి కదా అని. ఇది నా తలకే తట్టలే. ఇయ్యాల్టి నుంచి గంజికి నల్లా నీళ్లు మరగపెట్టి వాడ్త. మా చిన్నాయన కూడ మునుగోడు దిక్కు ఆయనే, మోకాళ్లు వంగవు. ఆయనకూ చెప్త.

సూర్యాపేట_రాళ్లనొప్పి · బుధవారం మధ్యాహ్నం 12:20

నాకు పిత్తాశయంల రాళ్లున్నయి, ఆపరేషన్ వచ్చే నెల. నేను తాగొచ్చా ఇది? గుడ్డు తిన్న రోజు కుడిదిక్కు డొక్కల కింద నొప్పి వస్తది.

వార్డు_సిస్టర్ · బుధవారం మధ్యాహ్నం 2:05

మీరు పచ్చసొన తీసేసి చేస్కోండి అన్నా. గుడ్డుల కొవ్వు 5 గ్రాముల దాక, అదంత పచ్చసొనలనే ఉంటది. కొవ్వు తగిలినప్పుడే పిత్తాశయం ముడుచుకుంటది, రాయి ఉన్నోళ్లకు అప్పుడే నొప్పి. తెల్లసొనల కొవ్వు లేనట్టే, ప్రొటీన్ల సగం కంటె ఎక్కువ దాంట్లనే. రెండు తెల్లసొనలు సరిపోతయి. మీ సర్జన్‌ను ఒకసారి అడిగి మొదలుపెట్టండి.

కిడ్నీ సమస్య ఉన్నోళ్లు ఎన్ని గుడ్లు అనేది డాక్టర్‌నే అడగాలె. షుగర్ ఉన్నోళ్లు గంజి తక్కువ, పల్చగ, అది గూడ అన్నం లెక్కలనే కలుపుకోవాలె, గంజి తొందరగ షుగర్ పెంచుతది. గుడ్డు పడనోళ్లకు, తింటే దద్దుర్లు వచ్చేటోళ్లకు ఈ మాట అసలు వద్దు.

అంగన్‌వాడీ_టీచరమ్మ · బుధవారం సాయంత్రం 5:15

నారాయణపేట జిల్లా నుంచి. మా సెంటరుల ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు రోజూ అన్నం, పప్పుతో పాటు గుడ్డు, పాలు పెడతం, 2015 నుంచి నడుస్తుంది. మూడో నెల కడుపుతోటి ఉన్న ఆడపిల్లలు ఉడికిన గుడ్డు వాసనకే బయటికి ఉరుకుతరు, కొందరు కొంగుల మూట కట్టుకపోయి ఇంట్ల చిన్నపిల్లలకు పెడతరు, తమకు మాత్రం పడదు. ఈ ముచ్చట చదివి ఇయ్యాల ఒకామెకు వాళ్ల ఇంట్లనే గంజిల చేసి ఇచ్చిన, కొత్తిమీర కాడలు వేసి. మొత్తం తాగింది. వాంతి కాలే. వాళ్ల అత్తకు గూడ చూపించి వచ్చిన, గుడ్డు పూర్తిగ ఉడకాలె అని రెండు సార్లు చెప్పిన.

పాలమూరు_జొన్నచేను · బుధవారం రాత్రి 8:30

సిస్టరక్కా, మొన్న నేను జర గట్టిగ అన్న. మా అమ్మకు గూడ ఆపరేషన్ అయ్యి ఇంట్ల ఉన్నది, మేము గుడ్డు బంద్ పెట్టినం నెల నుంచి. రేపు డాక్టర్‌ను అడిగి షురూ చేస్తం. ఆమెకు మిరియాల చారు అంటే ఇష్టం, ఆ చారులనే గుడ్డు పోస్తే?

మిర్యాలగూడ_అత్తమ్మ · బుధవారం రాత్రి 8:52

చింతపండు లేకుండ పొయ్యి బిడ్డా, మిరియాలు రెండే రెండు గింజలు దంచి. పులుపుల గుడ్డు పోస్తే తొందరగ విరిగి పొట్టు పొట్టు అయితది. కందికట్టు పల్చగ తీసి అండ్ల పోసినా మంచిగ వస్తది, కాని పప్పు కడుపుబ్బరం లేనోళ్లకే.

నల్లగొండ_బిడ్డ · శనివారం రాత్రి 9:05

మూడు రోజులు రాయలే, చేసుడు, చూసుడుల పడిపోయిన. ఇప్పుడు ఎట్ల చేస్తున్ననో మొత్తం రాస్త, వెనక వచ్చేటోళ్లకు పనికొస్తది.

పొద్దున్నే నల్లా నీళ్లతోటి గంజి చేసి వడకట్టి ఫ్రిజ్ల పెడుతున్న, బయట పెడితే ఈ ఎండలకు మధ్యాహ్నానికే పులుస్తుంది. ప్రతిసారి గ్లాసు గంజి, అర గ్లాసు నీళ్లు, ఉప్పు చిన్న చెంచాల పావు, పసుపు, అల్లం, కొత్తిమీర కాడలు వేసి ఐదు నిమిషాలు మరిగించి కాడలు, అల్లం తీసేస్తున్న. గుడ్డు నీళ్లల వేసి తాజాదా చూసి, చిన్న గిన్నెల వేరుగ కొట్టి వాసన చూసి, చెంచా నీళ్లు కలిపి ఫోర్కు మీదుగ పోస్తున్న. బుధవారం సాయంత్రం నుంచి రెండు రోజులు తెల్లసొన మాత్రమే పోసిన, సిస్టరక్క సూర్యాపేట అన్నకు చెప్పింది చదివి నాయనకు గూడ తేలికయితదేమో అనిపించి. మూడో రోజు పచ్చసొన సగం, ఇయ్యాల్టి నుంచి మొత్తం గుడ్డు. ఒక్కసారే గ్లాసున్నర తాపుతలేను, పొద్దున 8కి సగం, 11కి గుడ్డు లేకుండ ఉత్త గంజి. సాయంత్రం 5కి మళ్ళ గుడ్డుతోటి. రాత్రి మెత్తన్నం. గుడ్డు పోసింది మిగిల్తే నేను తాగేస్తున్న, దాచిపెడ్తలేను. గుడ్డు పట్టిన చేతులు, గిన్నె సబ్బుతోటి కడుగుతున్న.

తేన్పులు తగ్గినయి. పడుకున్నప్పుడు డొక్క పట్టుకునేది మానిండు. ఇయ్యాల పొద్దున నేను వంటింట్ల ఉంటే బయట అరుగు మీద కూసోని, ఏమే బిడ్డా గుడ్డుగంజి ఇంకా కాలేదా అని పిలిచిండు. నెల తర్వాత ఆయన నోటితోటి తిండి అడిగిండు. నేను గంటె పట్టుకొని అట్లనే నిలబడ్డ.

బరువు చూపించినం, 600 గ్రాములు పెరిగిండు. ఇప్పుడు ఉప్మా అడుగుతున్నడు, మామిడికాయ తొక్కు వాసన వస్తుందంటున్నడు పక్కింట్ల నుంచి. పెట్టొచ్చా?

వార్డు_సిస్టర్ · శనివారం రాత్రి 10:40

చదివి మస్తు సంతోషమైంది చెల్లె. తొక్కు ఇంకో మూడు వారాలు వద్దు, కారం, నూనె, పులుపు మూడూ దాంట్లనే ఉన్నయి. ఉప్మా నూనె తగ్గించి, మిరపకాయ లేకుండ, జారుగ చేసి నాలుగు చెంచాలు పెట్టి చూడు. బరువు వారానికి ఒకసారి రాసిపెట్టు, చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరుకు చూపించాలె. ఇంకో మాట, నాయన లెట్రిన్ పోయి వచ్చినంక సబ్బుతోటి చేతులు బాగ కడుక్కోవాలె, కొన్ని వారాలు ఇంట్ల అందరికి వండే దాంట్ల, వడ్డించే దాంట్ల చెయ్యి పెట్టొద్దు, టైఫాయిడ్ క్రిమి కొందరిల జరం పోయినంక గూడ పేగుల ఉంటది.

మిర్యాలగూడ_అత్తమ్మ · ఆదివారం పొద్దున 5:35

రేపటి నుంచి అదే గంజిల రెండు చెంచాల మెత్తన్నం మెదిపి కలుపు బిడ్డా, గుడ్డు మాత్రం పూటకు ఒక్కటే ఉండనియ్యి. బుధవారం నుంచి పావు చెంచా నెయ్యి వేసి చూడు. మీ నాయనను నేను అడిగిన్నని చెప్పు.